వాడి పారేసే మెయిల్... పారేయలేని బాధ్యత

రెండేళ్ల కిందటి మాట. ఒక సాయంత్రం మందమర్రిలో మా వీధి తమ్ముడు ఒకడు ఫోన్ చేశాడు. బీటెక్ ఫైనలియర్. గొంతులో కంగారు.

"అన్నా, కంపెనీవాళ్లు ఇంటర్వ్యూ మెయిల్ పంపి మూడు రోజులైందంటున్నరు. నాకు ఏడ కనబడ్తలేదు. నువ్వు ఇచ్చిన మెయిలే పెట్టిన. జర సూడు అన్నా."

చూడటానికి ఏమీ లేదు. అది నేను క్లౌడ్‌లో సొంతంగా నడుపుతున్న తాత్కాలిక మెయిల్ సర్వీసు. వచ్చిన ప్రతి మెయిల్‌నూ 24 గంటల తర్వాత అదే చెరిపేస్తుంది. వాడి ఇంటర్వ్యూ మెయిల్ వచ్చింది, ఒక రోజు ఉంది, పోయింది. బ్యాకప్ లేదు. ఇంటర్వ్యూ జరిగే తేదీ కూడా దాటిపోయింది.

తప్పు వాడిది కాదు. "కనిపించిన ప్రతి వెబ్‌సైట్‌కూ నీ అసలు మెయిల్ ఇయ్యకు తమ్మీ, ఇది వాడుకో" అని చెప్పింది నేనే. "ఉద్యోగ దరఖాస్తుకు మాత్రం వద్దు" అన్న మాట చెప్పనిదీ నేనే. 24 గంటలన్నది కూడా నేను ఆలోచించి పెట్టిన గడువు కాదు. సాఫ్ట్‌వేర్‌లో ముందుగా ఉన్న సెట్టింగ్‌ను అలాగే వదిలేశాను.

ఆ ఫోన్ నాకు నాలుగేళ్ల ఇంజినీరింగ్ చెప్పని పాఠం చెప్పింది. అందుకే ఉద్యోగాల వేటలో ఉన్న మీతో రెండు మాటలు చెప్పాలనుకుంటున్నా. ఒకటి: చదువు పూర్తయ్యేలోగా ఒక చిన్న సర్వీసును సొంతంగా కట్టి, కనీసం ఆరు నెలలు నడపండి. దానికి వాడి పారేసే మెయిల్ కంటే మంచి ప్రాజెక్టు నాకు కనిపించలేదు. రెండు: దాన్ని మీ కోసమే నడుపుకోండి. పదిమందికి తలుపు తెరిస్తే అది ప్రాజెక్టు కాదు, బాధ్యత.

మన అడ్రస్ ఎక్కడెక్కడ తిరుగుతోంది?

ఉద్యోగం వెతుక్కునే విద్యార్థి ఇచ్చినన్ని చోట్ల ఇంకెవరూ మెయిల్ ఐడీ, ఫోన్ నంబర్ ఇవ్వరు. జాబ్ పోర్టళ్లు, జాబ్ మేళాలో రిజిస్టర్, కోచింగ్ సెంటర్ డెమో క్లాసు, ఉచిత మాక్ టెస్టు, సర్టిఫికెట్ ఇచ్చే వెబినార్, రెజ్యూమె తయారుచేసే సైటు. నెల తిరిగేసరికి ఎవరెవరో ఫోన్ చేస్తారు. "మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అంటారు.

మా బొగ్గు బెల్టులో ఈ బాధ ఇంకో రకం. ఇక్కడ ఉద్యోగమంటే సింగరేణి ఉద్యోగమే అన్న నమ్మకం ఇంకా పోలేదు. ఒకప్పుడు లక్షకు పైగా కార్మికులున్న సంస్థలో ఇప్పుడు ఆ సంఖ్య 40 వేల దరిదాపుల్లో ఉంది. పోస్టులు తగ్గాయి కానీ ఆశ తగ్గలేదు. ఆ సందులోకే దళారులు దూరతారు. ఉద్యోగాలు ఇప్పిస్తామనేవాళ్లను నమ్మొద్దని, డబ్బులు ఇవ్వొద్దని యాజమాన్యం ఎన్నోసార్లు చెప్పింది. అయినా మందమర్రి నుంచి గోదావరిఖని దాకా ఏ కాలనీలో అడిగినా మోసపోయిన ఇల్లు ఒకటైనా చూపిస్తారు. వెనకటికి దళారి ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు మెయిల్‌లో, వాట్సాప్‌లో వస్తున్నాడు. మన పేరు, కోర్సు, ఊరు ముందే తెలుసుకుని వస్తున్నాడు. అవి వాడికి ఎలా తెలిశాయి? చాలాసార్లు మనం ఎక్కడో నింపిన ఫారం నుంచే.

ఎక్కడి నుంచి పోయిందో కనిపెట్టడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. ప్రతి చోటా వేరే మెయిల్ అడ్రస్ ఇవ్వడం. కోచింగ్ సెంటర్‌కు ఒకటి, వెబినార్‌కు ఒకటి, మాక్ టెస్టుకు ఒకటి. కోచింగ్ సెంటర్‌కు మాత్రమే ఇచ్చిన అడ్రస్‌కు ఎవరో లోన్ ఇస్తామని రాస్తే, లీకైంది ఎక్కడో ఇట్టే తెలిసిపోతుంది. ఆ అడ్రస్ ఒక్కటి మూసేస్తే చాలు. వాడి పారేసే మెయిల్ అంటే ఇదే.

ఉచితంగా దొరికేవి ఉన్నాయిగా?

ఉన్నాయి. 2003లో మొదలైన మెయిలినేటర్, తర్వాత వచ్చిన గెరిల్లా మెయిల్, టెన్ మినిట్ మెయిల్, యాప్‌మెయిల్ లాంటివి చాలామంది వాడేవే. అయితే వీటిలో కొన్నింటి ఇన్‌బాక్స్‌లు అందరికీ తెరిచే ఉంటాయి. మెయిలినేటర్ పబ్లిక్ ఇన్‌బాక్స్‌కు పాస్‌వర్డే ఉండదు. అడ్రస్ తెలిసినవాడెవడైనా అందులోని మెయిల్ చదవొచ్చు. ఓటీపీ వస్తే ఓటీపీ కూడా. బస్టాండ్‌లో గోడకు అంటించిన ఉత్తరంతో సమానం.

రెండో చిక్కు. ఈ సర్వీసుల డొమైన్ పేర్లన్నీ జాబితాలుగా ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. చాలా వెబ్‌సైట్లు ఆ జాబితా చూసి "సరైన మెయిల్ ఇవ్వండి" అని తిప్పి పంపేస్తాయి. సొంత డొమైన్‌తో నడిపే సర్వీసుకు ఈ రెండు ఇబ్బందులూ ఉండవు. నేను మొదలుపెట్టింది అందుకే. నేర్చుకున్నది మాత్రం ఇంకా ఎక్కువ.

కట్టడం ఒక ఆదివారం పని

కావలసినవి మూడు: ఒక డొమైన్ పేరు, క్లౌడ్‌లో ఒక చిన్న లినక్స్ మెషీన్, మెయిల్ అందుకునే ఒక సాఫ్ట్‌వేర్.

డొమైన్ కొన్నాక దాని డీఎన్ఎస్‌లో ఎంఎక్స్ రికార్డ్ అని ఒక వరుస రాయాలి. "ఈ పేరుకు వచ్చే ఉత్తరాలు ఫలానా మెషీన్‌కు ఇవ్వండి" అని ప్రపంచానికి చెప్పేది ఆ వరుసే. పంపేవాళ్ల సర్వర్ ఆ మెషీన్‌ను వెతుక్కుంటూ పోర్ట్ 25 దగ్గరికి వస్తుంది. మన మెషీన్ 220 అని పలకరిస్తుంది. ఎవరి నుంచి, ఎవరికి, విషయం ఏమిటి అని వరుసగా జరిగే ఆ సంభాషణే ఎస్‌ఎంటీపీ. 1982లో జాన్ పోస్టెల్ రాసిన పద్ధతి. నలభై ఏళ్లు దాటినా దాని మూల రూపం అదే. టెర్మినల్‌లో మీరే స్వయంగా ఆ మాటలు టైప్ చేసి మీ సర్వర్‌కు ఒక మెయిల్ పంపి చూడండి. కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టులో మార్కుల కోసం బట్టీ పట్టినదంతా ఒక్క పూటలో కళ్ల ముందు కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ కోసం నేను ఇన్‌బకెట్ వాడాను. గో భాషలో రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం అది. డాకర్‌లో నాలుగైదు వరుసలతో మొదలవుతుంది. ఆ డొమైన్‌లో ఏ పేరుకు మెయిల్ వచ్చినా తీసుకుంటుంది. ముందుగా అకౌంట్ తెరవనక్కర్లేదు. అప్పటికప్పుడు నోటికొచ్చిన పేరు ఫారంలో రాసేయొచ్చు. పోస్ట్‌ఫిక్స్‌లో క్యాచ్-ఆల్ పెట్టి కూడా ఇదే పని చేయొచ్చు. అది కొంచెం కష్టం, కానీ ఎక్కువ నేర్పుతుంది.

క్లౌడ్ కంపెనీలు సాధారణంగా పోర్ట్ 25 నుంచి మెయిల్ బయటకు పంపడాన్ని మూసి ఉంచుతాయి, స్పామ్ భయంతో. మనకు దానితో పనిలేదు. మన సర్వీసు అందుకోవడానికే, పంపడానికి కాదు. ఆ నియమాన్ని గట్టిగా పట్టుకోండి. పంపే దారి పొరపాటున తెరిచి ఉంచితే ఎవడో మీ మెషీన్ గుండా వేల స్పామ్‌లు తోసేస్తాడు. దీన్నే ఓపెన్ రిలే అంటారు. నేను పోర్ట్ తెరిచిన మొదటి రాత్రే అలాంటి ప్రయత్నాలు లాగ్‌లో కనిపించాయి. నా సర్వర్ సంగతి స్నేహితులకు కూడా చెప్పలేదు, దొంగలకు మాత్రం తెలిసిపోయింది! సెక్యూరిటీ ఎందుకో పుస్తకం చదివితే అర్థం కాదు, ఆ లాగ్ చూస్తే అవుతుంది.

ఇన్‌బకెట్ వెబ్ పేజీకి లాగిన్ ఉండదు. అలాగే వదిలేస్తే అదీ బస్టాండ్ గోడే. ముందు ఒక వెబ్ సర్వర్ పెట్టి పాస్‌వర్డ్ అడగాలి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ పెట్టాలి. లేదంటే వీపీఎన్‌లోంచి మాత్రమే తెరుచుకునేలా చేయాలి.

ఖర్చు మాటకొస్తే, చిన్న మెషీన్‌కు నెలకు కొన్ని వందలు, డొమైన్‌కు ఏడాదికి సుమారు వెయ్యి. మొదటి ఏడాది 99 రూపాయలకే డొమైన్ అంటే ఆగండి. రెండో ఏడాది రెన్యువల్ ధర చూసి కొనండి. క్లౌడ్ ఉచితం అన్న చోట కూడా చిన్న అక్షరాలు చదవాలి. ఉదాహరణకు 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ క్లౌడ్‌లో పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కు గంటకు 0.005 డాలర్ పడుతోంది. నెలంతా ఉంచితే మూడున్నర డాలర్లు దాటుతుంది. మెషీన్ ఆపేసినా, అడ్రస్ మన పేరు మీద పట్టి ఉంచితే బిల్లు ఆగదు. మొదటి రోజే బిల్లింగ్ అలర్ట్ పెట్టుకోండి. కాలేజీ మెయిల్ ఉన్నవాళ్లకు మైక్రోసాఫ్ట్ అజూర్ విద్యార్థి పథకంలో క్రెడిట్ కార్డు లేకుండా 100 డాలర్ల క్రెడిట్ దొరుకుతుంది. చేరే ముందు అప్పటి నిబంధనలు ఒకసారి చూసుకోండి.

పంపినవారి పేరును నమ్మకండి

సర్వర్ నడిపితే వచ్చే అసలు లాభం ఇక్కడుంది. పోస్టు కవరు మీద "పంపినవారు" దగ్గర ఎవరి పేరైనా రాయొచ్చు కదా. మెయిల్ కూడా అంతే. ఫ్రమ్ దగ్గర కనిపించేది పంపినవాడు రాసుకున్న పేరు. సొంత సర్వర్‌కు మీరే ఒక మెయిల్ పంపుతూ అక్కడ కలెక్టర్ పేరు రాసి చూడండి. అలాగే వచ్చి కూర్చుంటుంది. అది చూశాక ఏ ఆఫర్ లెటర్‌నూ పేరు చూసి నమ్మరు.

మరి అసలుదేదో తెలిసేదెలా? దానికి మూడు తనిఖీలు ఉన్నాయి. ఎస్‌పీఎఫ్: ఈ డొమైన్ తరఫున మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చెప్పే జాబితా. డీకిమ్: మెయిల్ మీద డొమైన్ వేసే డిజిటల్ సంతకం. డీమార్క్: కనిపించే పేరుకూ ఆ తనిఖీలకూ పొంతన కుదరకపోతే ఏం చేయాలో డొమైన్ యజమాని చెప్పే మాట. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ఈ మూడూ పెట్టుకోవాల్సిందేనని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధన పెట్టింది.

మీ ఫోన్‌లో ఇది పూర్తిగా కనిపించదు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకోండి. మూడు తనిఖీల ఫలితం పైనే ఉంటుంది. ఫెయిల్ అని ఉంటే అక్కడే ఆగండి. పాస్ అని ఉన్నా తొందరపడొద్దు. పాస్ అంటే ఆ డొమైన్ నుంచే వచ్చిందని అర్థం, ఆ డొమైన్ మంచిదని కాదు. కంపెనీ పేరుకు ఒక అక్షరం కలిపి, ఒక గీత చేర్చి కొన్న నకిలీ డొమైన్‌కు కూడా పాస్ వస్తుంది. కాబట్టి డొమైన్‌ను అక్షరం అక్షరం చదవండి. ఆ నోటిఫికేషన్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. సింగరేణి అయితే ఎస్‌సీసీఎల్ మైన్స్ డాట్ కామ్‌లో. అక్కడ లేనిది మీ మెయిల్‌లోకి ఎలా వస్తుంది?

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే ఆ రెండు రోజుల్లో డబ్బు చేతులు మారిపోతుంది.

తలుపు తెరిచాక ఏమైంది?

ఇక నేను చేసిన రెండో తప్పు. నా సర్వీసు బాగానే నడుస్తోందని పొంగిపోయి, లింకును రెండు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. అక్కడి నుంచి ఎక్కడెక్కడికో పోయింది. నెల తిరగకుండానే రోజూ వచ్చే మెయిళ్లు పదుల నుంచి వేలల్లోకి వెళ్లాయి. ఎవరో నా డొమైన్‌తో వందల దొంగ అకౌంట్లు తెరిచి ఒక షాపింగ్ సైటులో రిఫరల్ బోనస్‌లు కొట్టేస్తున్నారు. క్లౌడ్ కంపెనీ నుంచి నోటీసు వచ్చింది: మీ సర్వర్ మీద ఫిర్యాదు ఉంది, వివరణ ఇవ్వండి, లేకపోతే మెషీన్ ఆపేస్తాం.

వివరణ ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? ప్రైవసీ అని గొప్పలు పోయి లాగ్‌లు కూడా ఆపేశాను. ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఏం చేశారు, ఒక్కదానికీ జవాబు లేదు. సర్వీసు మూసేసి, క్షమించమని రాశాను.

ఆ రాత్రి ఈ గొడవంతా మా బాపుకు చెప్పాను. ఆయన బాయిల పనిచేసి రిటైరైన మనిషి. సర్వర్, డొమైన్ అన్నవి ఆయనకు పట్టలేదు కానీ విషయం పట్టింది. "మస్టర్ లేకుండ మనుషులను బాయిల దించినవా?" అన్నాడు. అంతే. దిగినవాళ్లెందరు, ఎక్కినవాళ్లెందరు అని లెక్క చూడకుండా ఏ షిఫ్టూ ముగియదు. ఆ లెక్క కార్మికుడి మీద అనుమానంతో కాదు, అతని ప్రాణం కోసం. నాకు ఆ తేడా అప్పటిదాకా తెలియలేదు.

చట్టం కూడా ఇదే అడుగుతుంది. ఇతరుల మెయిళ్లు అందుకుని దాచిపెట్టే సర్వీసు నడిపితే ఐటీ చట్టం ప్రకారం మీరు ఇంటర్మీడియరీ. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇంటర్మీడియరీలు, సర్వీసు ప్రొవైడర్లు లాగ్‌లను 180 రోజులు దాచాలి. సైబర్ దాడుల లాంటివి జరిగితే గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకు వాడే డేటాను మినహాయించింది. కానీ ఊరందరికీ తెరిస్తే ఆ మినహాయింపు వర్తించదు. ఇక తాత్కాలిక మెయిల్‌తో ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. తాత్కాలిక మెయిల్ వాడటం నేరం కాదు, దానితో చేసే పని నేరం కావచ్చు.

ఇదంతా చదివి భయపడమని కాదు. మీ ఒక్కరి కోసం నడుపుకుంటే ఈ తలనొప్పుల్లో చాలా వరకు ఉండవు. అందుకే నేనిప్పుడు నా కోసం, ఇంట్లోవాళ్ల కోసం మాత్రమే నడుపుతున్నా.

ఇంత కష్టం ఎందుకు అనేవాళ్లకు

"జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా రాస్తే అదే ఇన్‌బాక్స్‌కు వస్తుంది కదా, సర్వర్ దేనికి?" అని నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్న. అయితే ప్లస్ తర్వాతది తీసేస్తే అసలు అడ్రస్ బయటపడుతుంది, స్పామ్ పంపేవాడికి అది తెలియనిది కాదు. అంతకంటే మంచివి ఫైర్‌ఫాక్స్ రిలే, 2022లో ప్రోటాన్ కొన్న సింపుల్ లాగిన్ లాంటి సర్వీసులు. ఇవి మారు అడ్రస్ ఇచ్చి, వచ్చినదాన్ని మీ అసలు ఇన్‌బాక్స్‌కు చేరవేస్తాయి. మెయిల్ చెరిగిపోదు. స్పామ్ నుంచి తప్పించుకోవడమే మీ అవసరమైతే అవి చాలు. ఇంకేమీ కట్టనక్కర్లేదు, నిజాయితీగా చెబుతున్నా.

సొంత సర్వర్ నేర్చుకోవడానికి. సొంత డొమైన్‌లో ఒక ప్రమాదం ఉందని కూడా గుర్తుంచుకోండి. డబ్బు కట్టక డొమైన్ గడువు తీరిపోతే, దాన్ని ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. అప్పటి నుంచి ఆ పేరుకు వచ్చే మెయిళ్లన్నీ వాళ్లకే వెళ్తాయి. ఆ అడ్రస్‌తో మీరు తెరిచిన ప్రతి అకౌంట్‌కూ 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కితే తాళం చెవి వాళ్ల చేతికే. డొమైన్ వదులుకునే ముందు ఆ అకౌంట్లన్నీ మార్చుకోవాలి.

మా తమ్ముడికి జరిగింది మీకు జరగకుండా ఒక చిన్న లెక్క పెట్టుకోండి:

• ఉద్యోగ దరఖాస్తు, కాలేజీ, బ్యాంకు, ఆధార్, పాన్, పీఎఫ్, ప్రభుత్వ పోటీ పరీక్షలు: మీ పేరుతో ఉన్న ఒకే ఒక శాశ్వత మెయిల్. రెండంచెల భద్రత తప్పనిసరి. రోజూ స్పామ్ ఫోల్డర్ కూడా చూడాలి.

• జాబ్ పోర్టళ్ల అలర్టులు, కోచింగ్ సెంటర్లు, వెబినార్లు: చెరిగిపోని మారు అడ్రస్. ఒక్కో చోటికి ఒక్కోటి.

• ఒక పీడీఎఫ్ కోసం, ఒక వైఫై కోసం, మళ్లీ ఎప్పుడూ వెళ్లని సైటు కోసం: వాడి పారేసే మెయిల్.

అనుమానం వస్తే ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఆరు నెలల తర్వాత ఈ అడ్రస్‌కు ఒక మెయిల్ వస్తే, అది పోయినా నాకు ఫర్వాలేదా? ఫర్వా ఉందనిపిస్తే శాశ్వత మెయిలే ఇవ్వండి.

రెజ్యూమెలో ఏం రాయాలి?

ఒక్కో రెజ్యూమెలో ఐదారు క్లౌడ్ సర్టిఫికెట్లు చూస్తుంటాను. తప్పు లేదు. కానీ ఇంటర్వ్యూలో "సర్వర్ పడిపోతే ఏం చేస్తారు?" అంటే సర్టిఫికెట్ మాట్లాడదు. సొంతంగా నడిపినవాడు మాట్లాడతాడు. ఒక రాత్రి డిస్క్ నిండిపోయి మెయిళ్లు ఆగిపోయాయని చెబుతాడు. మెషీన్ కాసేపు పడిపోయినా మెయిల్ వెంటనే పోదని, పంపే సర్వర్లు మామూలుగా నాలుగైదు రోజుల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయని చెబుతాడు. సర్టిఫికెట్ గడువు తీరిన రోజు బ్రౌజర్ ఎలా అరిచిందో చెబుతాడు. ఇవి ఏ కోర్సులోనూ ఇలా కలిసి రావు. డీఎన్ఎస్, లినక్స్, డాకర్, ఫైర్‌వాల్, టీఎల్ఎస్, బిల్లింగ్, చట్టం అన్నీ ఒక్క చిన్న పనిలో ఉన్నాయి. దీనికి హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో ఉండనక్కర్లేదు. క్వార్టర్‌లో కూర్చుని, ఒక పాత ల్యాప్‌టాప్‌తో, ఫోన్ హాట్‌స్పాట్‌తో చేయొచ్చు. నేను చేసింది అలాగే.

రెజ్యూమెలో "డిస్పోజబుల్ మెయిల్ ప్రాజెక్టు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఎన్ని నెలలు నడిపారు, నెలకు ఎంత ఖర్చు, ఏం చెడింది, ఎలా బాగుచేశారు, ఈ నాలుగూ రాయండి. చెడినది దాచొద్దు. నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఎక్కువసేపు అడిగింది నా సర్వీసు ఎలా పనిచేసిందని కాదు, ఎందుకు మూసేశానని.

మా తమ్ముడి సంగతి చెప్పాలి. ఫోన్ వచ్చిన మర్నాడు ఆ కంపెనీ హెచ్ఆర్‌కు జరిగింది జరిగినట్టు రాయించాను, తప్పు నాదని నా పేరు కూడా పెట్టించాను. జవాబు రాలేదు. వాడికి వేరే చోట ఉద్యోగం రావడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలు వాడు నన్ను ఒక్క మాట అనలేదు. కనిపించినప్పుడల్లా "ఏం అన్నా" అని నవ్వేవాడు. నాకే మొహం చెల్లేది కాదు.

ఇప్పుడు నా సర్వీసు తెరిచిన వెంటనే పేజీలో అన్నింటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఒక వరుస కనిపిస్తుంది: "ఇక్కడికి వచ్చే మెయిల్ ఏడు రోజుల్లో చెరిగిపోతుంది. ఉద్యోగాలకు వాడొద్దు." వాడేది నేనూ మా ఇంట్లోవాళ్లే. అయినా ఆ వరుస తీయలేదు.